పదిహేడో నంబరు బండి మీద పందెం

సినిమా చూడకుండానే అది ఎన్నాళ్ళు ఆడుతుందో చెప్పే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆవిడ పేరు పెద్దింట్లమ్మ. విజయవాడ వన్ టౌన్‌లో, స్టీలు సామాన్ల కొట్ల వీధి చివర ఉన్న పాత టాకీసుకు సైకిల్ స్టాండు ఆవిడది. అక్కడ సైకిలన్నది కనపడి పదేళ్ళయింది. అన్నీ మోటారు సైకిళ్ళూ స్కూటర్లే. అయినా అందరూ దాన్ని సైకిల్ స్టాండనే అంటారు, ఆవిడ కూడా.

కొల్లేటి లంకల్లో పుట్టిన మనిషి. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ చేపల మీద బతికినవాళ్ళే. భర్త కోటికి మాత్రం చేపలకన్నా సినిమాల మీద ప్రేమ ఎక్కువ. ఆ ప్రేమతోనే ఇరవై రెండేళ్ళ కిందట బెజవాడ వచ్చి టాకీసు స్టాండు వేలంలో పాడుకున్నాడు. పాడుకున్న మర్నాటి నుంచీ నాలుగాటలూ లోపలే కూర్చున్నాడు. ఎండలో నిలబడి బండ్లు వరసలో పెట్టించడం, రేకు బిళ్ళలివ్వడం, బిళ్ళ పారేసుకున్నవాళ్ళతో పోట్లాడటం, అన్నీ ఈవిడ వంతు. పోనీ బయటికొచ్చాక సినిమా ఎలా ఉందని అడిగితే కోటి "బాగుంది" అనో, "బాలేదు" అనో అంటాడు. మూడో మాట రాదు. కొన్నేళ్ళకు అతనికే విసుగొచ్చి కైకలూరు దగ్గర చేపల చెరువుకు కాపలా వెళ్ళిపోయాడు. స్టాండు ఈవిడకు మిగిలింది.

"ఆయన బొమ్మల్ని చూశాడండీ. నేను బొమ్మ చూసొచ్చినోళ్ళని చూశా. ఎవరికెక్కువ తెలుసుద్దో మీరే చెప్పండి" అంటుంది.

ఆవిడ లెక్క ఇది. సినిమా బాగోకపోతే తెర మీద పేర్లు పడకముందే జనం బయటికొచ్చేస్తారు. తాళంచెవి అప్పటికే చేతిలో ఉంటుంది. బండి తీసేటప్పుడు పక్కబండికి తగిలినా వెనక్కి చూడరు. బాగుంటే మాత్రం బండి దగ్గరకొచ్చి బండి తియ్యరు. సీటు మీద చెయ్యేసి నిలబడి మాట్లాడుకుంటారు, తాళంచెవి ఏ జేబులో పెట్టారో మర్చిపోయి నాలుగు జేబులూ వెతుక్కుంటారు. భార్యాభర్తలు వస్తే, మొగుడు పది అడుగులు ముందు నడిస్తే ఫట్టు, పక్కపక్కన నడిస్తే హిట్టు. ఈ లెక్క మీద వీధిలో కొట్లవాళ్ళకు ఎంత నమ్మకమంటే, ఇంట్లోవాళ్ళను సినిమాకు తీసుకెళ్ళాలంటే ముందు ఆవిడనడిగి వచ్చేవాళ్ళు.

మా ఆయన వెంకటసుబ్బారావుగారు ఆ వీధిలోనే ఒక స్టీలు కొట్లో గుమాస్తా. కొట్టు ముందు కాలు పెట్టడానికి కూడా చోటుండదు, ఇంక బండేం పెడతారు. అందుకని తన ఆకుపచ్చ మోపెడ్ రోజూ పెద్దింట్లమ్మ స్టాండులో పెట్టేవారు. సినిమాకు వచ్చేవాళ్ళకు రోజుకో బిళ్ళ. ఈయనకు మాత్రం శాశ్వతంగా ఒకటే, పదిహేడో నంబరు. ఒకటి హ్యాండిలుకు కట్టి ఉండేది, దాని జోడు ఈయన జేబులో. బిళ్ళ చూపించకపోతే పెద్దింట్లమ్మ దేవుడొచ్చినా బండి ఇవ్వదు. ఒకసారి ఈయన బిళ్ళ ఇంట్లో మర్చిపోతే, రోజూ చూసే మనిషని కూడా చూడకుండా చిట్టినగర్‌లో కొండ మీదున్న మా ఇంటికి నడిపించి పంపింది. "మొహం ఎవరికైనా ఉంటదండీ గుమాస్తాగారూ. బిళ్ళ మీకొక్కరికే ఉంటది" అందట.

నాకు ఆవిడ పరిచయమైంది 'ఇనుప చెయ్యి' సినిమా రోజున. పదిహేనేళ్ళయింది. అప్పట్లో ఆ సినిమా చూడనివాళ్ళు బెజవాడలో లేరు. ఒక లారీ డ్రైవరు, ప్రమాదంలో కుడిచెయ్యి పోతుంది. అదే రాత్రి ఆకాశంలోంచి ఓడలాంటిది ఒకటి పొలంలో పడుతుంది, దాంట్లో ఉన్న ఇనుప చెయ్యి వచ్చి ఇతని భుజానికి అతుక్కుంటుంది. ఇక చూడాలి, ఒంటిచేత్తో గూడ్సు పెట్టె ఎత్తేస్తాడు. జనం ఈలలు. మా భానుశ్రీకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ చెయ్యి తెర నిండా పడేసరికి నా చీరలో తలపెట్టి ఏడుపు లంకించుకుంది. ఇంటర్వెల్లో దాన్ని తీసుకుని బయటికొచ్చేశాను. ఈయన కూడా లేవబోతే, "మీరు చూసి రండి, మిగతాది మాకు చెబుదురుగాని" అన్నాను. స్టాండులో పెద్దింట్లమ్మ తన ముక్కాలిపీట నాకు వేసి, పిల్లకు కుండలో నీళ్ళిచ్చింది.

ఆట వదిలాక ఈయన వచ్చి, మోపెడ్ మీద చెయ్యేసి, మిగతా సగం మా ముగ్గురికీ చెప్పారు. చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆ చెయ్యి ప్రపంచాన్నంతా కాపాడాక, చివర్లో డ్రైవరు ఇంటికి వస్తాడట. భార్య నిలబడి చూస్తుంటుంది. అతను కుండలోంచి నీళ్ళు ముంచి, ఆ ఇనుప చేత్తోనే గాజుగ్లాసు పట్టుకుని ఆవిడకిస్తాడట. గూడ్సు పెట్టె ఎత్తిన చెయ్యి, గాజుగ్లాసు పగలకూడదని వణుకుతుందట. ఒక్క చుక్క ఒలకదట. ఆవిడ తాగి, "చల్లగా ఉన్నాయి" అంటుందట. అంతే, సినిమా అయిపోతుంది.

భానుశ్రీ ఏడుపు ఆపింది. "అయితే అది మంచి చెయ్యేనా నాన్నా?" అని అడిగింది. పెద్దింట్లమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నూరు రోజులండీ. రాసిపెట్టుకోండి" అంది. నూట పన్నెండు రోజులు ఆడింది.

తర్వాత ఈయన ఆ సినిమా ఎన్నిసార్లు చెప్పారో! కరెంటు పోతే చెప్పేవారు, జ్వరమొస్తే చెప్పేవారు. ఎప్పుడు చెప్పినా గ్లాసు దగ్గర గొంతు తగ్గించేవారు. నేను మళ్ళీ వెళ్ళి చూడలేదు. చూడాలనిపించలేదు, మొత్తం వచ్చేసింది కదా.

నాలుగేళ్ళ కిందట రెండో భాగం తీస్తున్నారని పేపర్లో పడింది. ఈయన స్టాండులో బండి పెడుతూ, "రెండో డికాషను ఎప్పుడైనా మొదటి డికాషనుని మించిందా పెద్దింట్లమ్మా? వీళ్ళు అనవసరంగా చెయ్యి కాల్చుకుంటున్నారు" అన్నారట.

"మీది కాఫీ లెక్కండీ. మాది వల లెక్క. మొదటి వల లోతు చూట్టానికి, రెండో వల చేపలకి. రెండోదే మించుద్ది" అందట ఆవిడ.

అక్కడ పందెం పడింది. రెండోది మించితే ఈయన మోపెడ్ ఆవిడకివ్వాలి. మించకపోతే ఆ మోపెడ్‌కు, అది తుక్కయ్యేదాకా, స్టాండు ఉచితం. సినిమా మాత్రం రాలేదు. దసరాకన్నారు, వేసవికన్నారు, మళ్ళీ దసరాకన్నారు. ప్రతిసారీ ఇద్దరూ స్టాండులో నిలబడి సినిమా తీసేవాళ్ళను తిట్టుకునేవాళ్ళట.

పోయిన ఆషాఢంలో ఈయన కొట్లో గంగాళాలు దించుతూ గుండె పట్టుకుని కూర్చున్నారు. ఆటోలో తీసుకెళ్ళారు. ఇంటికి తిరిగి రాలేదు. మోపెడ్ స్టాండులో ఉండిపోయింది.

బిళ్ళ నా పర్సులో ఉంది. నేను బండి తెచ్చుకోలేదు. మా ఇంటికి తొంభై మెట్లు, పైకెక్కదు. నాకు నడపడమూ రాదు. అసలు సంగతి అది కూడా కాదు. ఆ బండి స్టాండులో మొదటి వరసలో ఉన్నంతకాలం ఆయన కొట్లో ఉన్నట్టే నాకు లెక్క. మార్కెట్టుకు వెళ్ళినప్పుడు దూరం నుంచి చూసేదాన్ని. సీటు ఎప్పుడూ తుడిచి ఉండేది. పెద్దింట్లమ్మ చెయ్యెత్తేది, నేనూ చెయ్యెత్తేదాన్ని. మాటలుండేవి కావు.

ఈ వేసవిలో, వైశాఖమాసం ఒక శుక్రవారం, రెండో భాగం వచ్చేసింది. శనివారం పొద్దున్నే మెట్ల మీద ఆయాసం వినపడింది.

"తులసమ్మగారూ! ఉన్నారాండీ? అమ్మో, ఏం మెట్లండీ బాబూ ఇయ్యి! దుర్గమ్మ కొండక్కూడా ఇంత రొప్పు రాలా. అక్కడైతే చివర్లో ప్రసాదమైనా పెడతారు."

మజ్జిగ ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, "గెలిచానండీ" అంది.

"ఏం గెలిచావు?"

"పందెం. నిన్న మూడాటలు వదిలాక జనాన్ని చూశా. ఒక్కడు కదిలితే ఒట్టు! బండ్ల కాడ నిలబడిపోయారు, అరగంట. సెక్యూరిటీ వాడు విజిలేసి తోలాడు. మొదటి దానికి కూడా ఇంతసేపు నిలబడలా. గుమాస్తాగారు ఓడిపోయారండీ" అంది. అని, గెలిచిన మనిషిలా కాకుండా, గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది.

నా గుండె జారింది. పోయేది పాత మోపెడ్డే, అమ్మితే ఎవరూ కొనరు. అయినా జారింది.

మా భానుశ్రీ గన్నవరం ఎయిర్‌పోర్టులో పని చేస్తుంది. ఆరోజు దానికి సెలవు. జడ వేసుకుంటూ వచ్చి, "పెద్దమ్మా, వాళ్ళు అరగంట నిలబడి ఏం చేశారు?" అని అడిగింది.

"ఏం చేస్తారు పాపా, బొమ్మ వదల్లేక నిలబడ్డారు."

"మాట్లాడుకున్నారా?"

పెద్దింట్లమ్మ ఆలోచించింది. "మాటల్లేవు. తలకాయలు దించుకుని ఫోన్లు నొక్కుకుంటున్నారు."

భానుశ్రీ నవ్వుతూ కింద కూర్చుండిపోయింది. ఫోను తీసి చదవడం మొదలుపెట్టింది. "వినండి. 'చేతులు రెండిచ్చారు, కథ ఒక్కటీ ఇవ్వలేదు.' 'మొదటి భాగం కాలిగోటికి చాలదు.' 'తలనొప్పి మాత్ర కూడా టికెట్టుతోపాటే ఇస్తే బాగుండేది.' పెద్దమ్మా, వాళ్ళు వదల్లేక నిలబడలేదు. తిడుతూ రాయడానికి నిలబడ్డారు. ఇవన్నీ నీ స్టాండులో రాసినవే అయ్యుంటాయి!"

పెద్దింట్లమ్మ మొహం చూడాలి. నీళ్ళు దిగిపోయిన చెరువులా అయిపోయింది. "అయితే పాపా, ఈ ఫోన్లు వచ్చినకాడ్నుంచీ..." అని ఆగింది. వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "దీపావళి బొమ్మ హిట్టన్నా. మూడ్రోజులకే తీసేశారు. ఓనరుకి తిక్కనుకున్నా. ఉగాది బొమ్మ హిట్టన్నా. మిర్చికొట్టు ఆయన అత్తగారితో సహా ఎళ్ళొచ్చి, నాతో మాట్టాడటం మానేశాడు. ఎందుకో ఇప్పుడర్థమైంది."

"పోనీలే, పందెం ఓడిపోయావు, అంతేగా" అంది భానుశ్రీ.

"ఓడిపోవటం ఏంటి? ఆ ఫోన్లో రాసినోడెవడు, నాకు తెలిసినోడా? వాడి మాటొద్దు. నా లెక్క చెడింది కాబట్టి నా మాటా వద్దు. గుమాస్తాగారు లేరు. ఆయన తరఫున మీరు చూసి చెప్పండి తులసమ్మగారూ. మీరెట్టాగంటే అట్టాగే. మించిందంటే బండి నాకివ్వండి. మించలేదంటే అక్కడే ఉంటది, తుక్కయ్యేదాకా."

"ఏడాది నిండలేదు పెద్దింట్లమ్మా. ఇప్పుడు సినిమాకేమిటి, నలుగురూ ఏమంటారు?"

"సినిమాకెవరు రమ్మన్నారండీ? పంచాయితీకి రమ్మన్నా" అంది ఆవిడ.

పంచాయితీ అంటే కాదనేదేముంది. కానీ న్యాయం చెప్పాలంటే రెండూ చూడాలి కదా. "మొదటిది ఫోన్లో దొరుకుతుందేమో చూడవే" అన్నాను భానుశ్రీతో. అది ఫోను చటుక్కున బ్యాగులో పడేసి, "ఎందుకమ్మా, నాన్న చెప్పింది నీకు మొత్తం వచ్చు కదా" అంది. నిజమే అనుకున్నాను.

మంగళవారం మ్యాటినీకి వెళ్ళాం. ఇరవై రెండేళ్ళలో పెద్దింట్లమ్మ ఆట నడుస్తుండగా లోపలికి రావడం అదే మొదలు. స్టాండు ఎవరు చూస్తారు? కైకలూరు నుంచి కోటిని పిలిపించింది. ఆ పెద్దమనిషి స్టాండులో ఎండలో నిలబడటం కూడా అదే మొదలు. "వరస చెడగొట్టకు. బిళ్ళ లేకుండా ఎవరికీ ఇయ్యకు. పదిహేడు మీద ఎవర్నీ కూర్చోనియ్యకు" అని నాలుగుసార్లు చెప్పింది. అతను "సరే" అన్నాడు. అతనికి మూడో మాట కూడా ఉందని అప్పుడే తెలిసింది.

లోపల నేనొక పక్క, భానుశ్రీ ఒక పక్క, మధ్యలో ఆవిడ. సినిమా మొదలైన పావుగంటకే ఆకాశంలోంచి రెండో ఓడ పడింది, డ్రైవరుకు ఎడమచెయ్యి కూడా ఇనుపదైపోయింది. ఉన్నట్టుండి ఒక మిద్దెనే పెకలించి విసిరాడు. అది వెళ్ళి ఒక పెద్ద పార్కింగు మీద పడింది. వందల బండ్లు నుజ్జునుజ్జు.

"అయ్యో! అయ్యయ్యో!" పెద్దింట్లమ్మ సీట్లోంచి లేచింది. "బిళ్ళలిచ్చినోళ్ళకి ఎవడు జవాబు చెబుతాడ్రా!"

వెనక వరసలో నవ్వులు. "కూర్చో మామ్మా" అన్నాడెవడో. "నువ్వు కూర్చున్నావుగా, నీ బండి నా స్టాండులోనే ఉంది, గుర్తెట్టుకో" అంది ఈవిడ వెనక్కి తిరగకుండానే.

నేను మనస్ఫూర్తిగానే చూశాను. బండి నాకు దక్కాలని సినిమాను ముందే చెడగొట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. కొంత బాగానే ఉంది. ఒకచోట డ్రైవరు చాలా ఏళ్ళ తర్వాత తన పాత లారీ ఎక్కుతాడు. అతను మర్చిపోయినా ఇనుప చెయ్యి గేరు రాడ్డును తనంతట తనే వెతుక్కుంటుంది. ఇదిగో, ఇది మించేలాగే ఉంది అనుకున్నాను, భయం కూడా వేసింది. ఆ తర్వాత మాత్రం మోతే మోత. ఊరు కూలడం, ఆకాశం చిరగడం, మళ్ళీ ఊరు కూలడం. చెవులు గింగురుమన్నాయి.

చివర్లో అంతా సద్దుమణిగింది. డ్రైవరు దుమ్ములోంచి నడుచుకుంటూ ఇంటివైపు వచ్చాడు. గుమ్మంలో భార్య. పెద్దింట్లమ్మ నా ముంజేయి పట్టుకుంది. ఇద్దరం గ్లాసు కోసం చూస్తున్నాం. భార్య అతన్ని చూసింది. అతను ఆకాశంలోకి చూశాడు. ఆకాశంలో మూడో ఓడ కనిపించింది. అంతే, పేర్లు పడిపోయాయి. ఒక్కో పేరూ నేను కూడబలుక్కునేలోపే పైకెళ్ళిపోయింది.

"అయిపోయిందా?" అంది పెద్దింట్లమ్మ.

"అయిపోయింది."

"మంచినీళ్ళెయ్యి?"

అదే నేనూ అనుకుంటున్నాను. మూడు గంటల సినిమాలో అన్ని యుద్ధాలు చేశారు, ఒక్కడికీ దాహం వెయ్యలేదు.

బయటికొచ్చేసరికి స్టాండు సంత అయిపోయి ఉంది. నలభై బండ్లకు ఎనభై తప్పులు చేశాడు కోటి. పెద్దింట్లమ్మ పది నిమిషాల్లో అందరి బండ్లూ అందరికీ ఇప్పించి, మొగుణ్ణి తిట్టాల్సినంత తిట్టి, కొంగు బిగించి నా ముందుకొచ్చి నిలబడింది. పక్కనే పదిహేడో నంబరు.

"ఇప్పుడు చెప్పండి. బండి మొహమాటం పెట్టుకోకండి, నా మొహమాటం అసలొద్దు. మించిందా, లేదా?"

"గేరు రాడ్డు దగ్గర మించిందనుకున్నాను పెద్దింట్లమ్మా. కానీ మించలేదు. మొదటి దాంట్లో ఆ ఒక్క గ్లాసు ముందు ఈ మిద్దెలన్నీ ఎగరగొట్టినా చాలదు."

ఆవిడ తల ఊపింది. "నిజం చెప్పారు. నేనూ ఆ గ్లాసు కాడే ఓడిపోయా. ఇంకో ఊరు కూల్చకుండా ఒక గ్లాసు నీళ్ళు పెట్టుంటే గెలుద్దును. సరే, బండి ఇక్కడే ఉంటది."

నాకు ఊపిరి వచ్చింది. అంతలో కోటి తల గోక్కుంటూ, "ఏ గ్లాసు?" అన్నాడు.

"మొదటి భాగం చివర్లో గ్లాసు. ఇనుప చేత్తో పెళ్ళానికి మంచినీళ్ళిస్తాడు చూడు, అది."

"మొదటి దాంట్లో గ్లాసెక్కడుంది?"

"ఎండకి నీకు మతి పోయినట్టుంది."

"నూట పన్నెండు రోజులు, నాలుగాటలూ చూశానే!" కోటి ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "చివర్లో చెయ్యి ఊడి ఆకాశంలోకి ఎళ్ళిపోద్ది. వాడు ఒంటిచేత్తో పొలంలో నిలబడి చూస్తా ఉంటాడు. పెళ్ళాం లేదు, కుండా లేదు, గ్లాసూ లేదు. అసలు వాడికి పెళ్ళే కాలా!"

నేను పెద్దింట్లమ్మను చూశాను. ఆవిడ నన్ను చూసింది. ఇద్దరం కలిసి భానుశ్రీని చూశాం. అది తలుపు చాటు పిల్లలా మోపెడ్ వెనక్కి వెళ్ళి నిలబడింది.

"నాన్న కల్పించారమ్మా" అంది. "ఆరోజు నేను భయపడి ఏడుస్తున్నానని. డిగ్రీ చివరి ఏడాదిలో ఫ్రెండు ఫోన్లో చూశాను. నాన్ననడిగితే, 'ఆ డైరెక్టరు మర్చిపోయాడే, నేను కలిపాను' అన్నారు. నీకు చెప్పొద్దన్నారు. రెండో భాగంలోనైనా వాళ్ళకు తోచి పెడతారేమో చూద్దాం, అప్పటిదాకా ఆగమన్నారు."

స్టాండులో మేం నలుగురమే మిగిలాం. పదిహేనేళ్ళు నేను కంఠతా పెట్టుకున్న సినిమా ఏ టాకీసులోనూ ఆడలేదన్నమాట. ఈ పక్క ఏడుపు, ఆ పక్క నవ్వు వస్తున్నాయి. ఏది ముందు బయటపడేదో గానీ, పెద్దింట్లమ్మ నన్ను ఆగనివ్వలేదు.

"తొండి!" అని అరిచింది మోపెడ్ వైపు తిరిగి. సీటు మీద ఒక్కటేసింది. "శుద్ధ తొండండీ గుమాస్తాగారూ! బొమ్మకీ బొమ్మకీ పందెమన్నారా, మీ నోటికీ బొమ్మకీ పందెమన్నారా? మీ నోటితో ఎవడు గెలుస్తాడు? మూడేళ్ళు నా ఎదురుగా నిలబడి, మొహంలో తెలియనీలా! దొంగ మనిషి, దొంగ మనిషి!" తిడుతూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"అయితే పందెం రద్దా?" అంది భానుశ్రీ.

"అసలు బొమ్మలు రెంటిట్లో ఏది బాగుందో నువ్వు చెప్పయ్యా, రెండోది కైకలూర్లో మొదటి రోజే చూశావుగా, రెండూ తెర మీద మొత్తం చూసినోడివి నువ్వొక్కడివే" అంది పెద్దింట్లమ్మ కోటితో. కోటి చాలాసేపు ఆలోచించాడు.

"రెండూ బాగున్నాయి" అన్నాడు.

"చూశారా, ఇదీ నా సంసారం" అంది ఆవిడ.

నాకు చిన్నప్పుడు గచ్చకాయలాడిన రోజులు గుర్తొచ్చాయి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు తెలిసిన చట్టాలన్నీ అక్కడివే. తొండి చేసినవాళ్ళు ఓడినట్టే. ఎంత బాగా ఆడినా సరే. పర్సు తీశాను. మందుల చీటీల మధ్య బిళ్ళ దొరికింది. పెద్దింట్లమ్మ చేతిలో పెట్టాను.

"ఇదేంటండీ?"

"తొండి చేసినవాళ్ళు ఓడిపోయినట్టే. బండి నీది."

ఆవిడ వెనక్కి జరిగింది. "వద్దండీ. ఏదో కోపంలో అన్నా. బండి లేకపోతే మీరు మార్కెట్టుకి వచ్చినప్పుడు ఇటు చూస్తారా?"

నేను దూరం నుంచి దేనికోసం చూస్తున్నానో ఆవిడకు మొదటి నుంచీ తెలుసన్నమాట.

"చూస్తాను. నీది కాబట్టి దగ్గరకొచ్చే చూస్తాను" అన్నాను. "సినిమాని ఆయన మాకిచ్చి వెళ్ళారు. బండి నువ్వు తీసుకో."

బిళ్ళ గుప్పిట్లో పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత మెల్లిగా, "నాకు నడపటం రాదండీ" అంది.

"మరి బండి మీద పందెం ఎందుకు కాశావు?"

"ఆయన ఓడిపోతే మొహం ఎట్టా పెడతారో చూద్దామని."

ఇంక ఆగలేక నవ్వేశాను. పది నెలల తర్వాత, రోడ్డు మీద, నలుగురూ చూస్తుండగా. భానుశ్రీ నన్ను వింతగా చూసింది. కోటి ఉత్సాహంగా మోపెడ్ ఎక్కి పెడలు తొక్కాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. "దిగు" అంది పెద్దింట్లమ్మ. "నువ్వెళ్ళి లోపల కూర్చో. ఫస్ట్ షో మొదలవుద్ది."

ఇప్పుడు బిళ్ళలు రెండూ ఆ హ్యాండిలుకే కట్టి ఉన్నాయి. స్టాండులో అలా రెండు బిళ్ళలూ ఉన్న బండి అదొక్కటే. ముక్కాలిపీట పక్కన పడేసి, పెద్దింట్లమ్మ ఆ సీటు మీదే పక్కకు తిరిగి మంచం మీద కూర్చున్నట్టు కూర్చుంటుంది. మార్కెట్టు నుంచి వస్తూ నేను ఆగుతున్నాను. ముక్కాలిపీట నాది.

ఆవిడ లెక్క మార్చింది. ఫోను వేళ్ళతో నొక్కితే ఫట్టు, ఫోను చెవికి పెట్టుకుంటే హిట్టు. చెవికి పెట్టుకున్నారంటే బొమ్మ బాగుంది, ఎవరినో రమ్మని పిలుస్తున్నారని అర్థమట. ఇప్పటిదాకా మూడు సినిమాల్లో రెండు సరిగ్గా చెప్పింది. మిర్చికొట్టు ఆయన మళ్ళీ మాట్లాడుతున్నాడు.

నిన్న మ్యాటినీ వదిలేటప్పటికి నేనక్కడే ఉన్నాను. నీలం చొక్కా అతనొకడు వచ్చి, బండి తియ్యకుండా, ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డాడు.

"తులసమ్మగారూ, చెవి కాస్త అటు పడెయ్యండి. ఏమంటున్నాడు?"

విన్నాను. "'సినిమా చూసి వస్తున్నా, నువ్వు అన్నం తిన్నావా' అంటున్నాడు."

"సినిమా గురించి ఏమన్నా అన్నాడా?"

"అనలేదు. 'తిని పడుకో, నేనొచ్చాక మొత్తం చెబుతా' అన్నాడు."

పెద్దింట్లమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇది ఏ లెక్కలోకొచ్చుద్దండీ?"

"హిట్టులోనే వేసుకో" అన్నాను.